జెండా పాటా, మా మేనల్లుడి చదువూ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా అక్క ఫోను చేసి, "ఒరే తమ్ముడూ, అప్పట్లో నువ్వు చదివిన చదువు పేరేందిరా?" అని అడిగింది. ఆ చదువు ముగిసి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. మా నాన్న బ్రతికున్నంతకాలం నేను పురుగుమందులకు సంబంధించినదేదో చదివాననే నమ్మాడు. మా అమ్మ దృష్టిలో నేను ఎరువుల ఆఫీసరును. పేరు చెప్పాను. అక్క కాసేపు ఊరుకుని, "నీ మేనల్లుడు కూడా అదే చదువుతాడట. కాకపోతే ఇంగ్లండులో. పేరుకు ముందు అంతర్జాతీయం అని కూడా ఉందట. కాలువ కింది ఎకరంన్నర బేరం పెట్టాం. నువ్వొకసారి వచ్చిపోరాదూ" అంది.

వెళ్ళాను. బోనకల్లు స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నమయింది. అక్కావాళ్ళ ఊరు అక్కడికి మూడు మైళ్ళు. సాగర్ ఎడమ కాలువ నుంచి చీలి వచ్చే బోనకల్లు బ్రాంచి కాలువ నీళ్ళతో పండే నేల. వరి, పత్తి, మొక్కజొన్న, కాగితం మిల్లు కోసం పెంచే సుబాబుల్, అన్నిటినీ మించి మిరప. ఏటా కోతల కాలం వచ్చేసరికి భద్రాచలం ఏజెన్సీ నుంచీ, ఛత్తీస్‌గఢ్ నుంచీ కూలీలు పిల్లాజెల్లాతో, వంటగిన్నెలతో దిగుతారు. పొలాల గట్ల మీద పట్టాల గుడారాలు వెలుస్తాయి. అడవి కడుపు నింపని నెలల్లో వాళ్ళను పోషించేది ఈ ఎర్రటి పంట. రైతును అది పోషిస్తుందా అంటే, ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం అనుకోండి.

మేనల్లుడు అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో బీయస్సీ పూర్తిచేశాడు. నా ముందు ఒక కాగితం పరిచాడు. ఏడాది కోర్సు. ఫీజు, బస, తిండి, విమానం, వీసా అన్నీ కలిపి వాడి లెక్కలో ముప్పై లక్షలకు కాస్త తక్కువ. చదువైన తరువాత అక్కడే కొంతకాలం ఉద్యోగం వెతుక్కోవచ్చునట. వెతుక్కోవచ్చు నిజమే. 2021లో మళ్ళీ తెచ్చిన ఆ వెసులుబాటు రెండేళ్ళది, 2027 జనవరి నుంచి దరఖాస్తు పెట్టుకునేవారికి అది పద్దెనిమిది నెలలే అని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంగతి వాడి కాగితంలో లేదు. వాడికా కాగితం ఇచ్చిన ఖమ్మం కన్సల్టెన్సీ వాళ్ళు మరచిపోయి ఉంటారు. అలాంటి మరపులు వారికి సహజం.

ఇక్కడొక చిన్న పిట్టకథ. భాషాభిమానులు మన్నించాలి, ఆగలేకపోతున్నాను. వ్యవసాయం అనే సంస్కృత పదానికి అసలు అర్థం గట్టి పూనిక, ప్రయత్నం, నిశ్చయం. మనం తెలుగువాళ్ళం ఆ మాటను తెచ్చుకుని సేద్యానికి పెట్టుకున్నాం. హిందీవాళ్ళు అదే మాటను తెచ్చుకుని వృత్తికీ వ్యాపారానికీ పెట్టుకున్నారు. నేను మొదటిసారి ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఒక దుకాణదారు తన వ్యవసాయం గురించి చెబుతుంటే ఏ పంట వేస్తారని అడిగి నవ్వులపాలయ్యాను. అగ్రిబిజినెస్‌కు తెలుగు మాట ఏమిటని నన్ను అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే. మన మాటే రెండు భాషల మధ్య సగం సగంగా పంచబడి ఉంది. పండించే సగం ఇక్కడ మిగిలింది, అమ్ముకునే సగం వేరే చోటికి పోయింది.

ఆ ఇంగ్లీషు మాటకు మాత్రం పుట్టిన తేదీ ఉంది. అమెరికాలో, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ డేవిస్ దానిని 1955లో వాడాడు. 1957లో ఆయనా, రే గోల్డ్‌బర్గ్ అనే ఆయనా కలిసి దానిమీద ఒక పుస్తకమే వ్రాశారు. వారి వాదన సారాంశం చాలా సులువైనది: సేద్యాన్ని విడిగా చూడకండి. విత్తనం, ఎరువు, యంత్రం అమ్మేవాడి దగ్గర మొదలుపెట్టి, రైతు మీదుగా, నిలవచేసేవాడు, మరపట్టేవాడు, అమ్మేవాడు, తినేవాడి దాకా ఒకే గొలుసుగా చూడండి అన్నారు. అందులో తప్పేమీ లేదు. మన దేశంలో అహ్మదాబాదు ఐఐఎం 1970లలోనే వ్యవసాయ రంగానికి మేనేజర్లను తయారుచేయడం ఆరంభించింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1987లో ఏర్పడిన మేనేజ్ సంస్థ 1996 నుంచి ఈ చదువు చెబుతోంది. ఇవాళ దేశంలో ఈ కోర్సు లేని వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని వెదకాలి. నేనూ ఇటువంటి చోటనే 2003 నుంచి 2005 దాకా చదివాను. ఇప్పుడు ఒక కళాశాలలో ఇదే పాఠం చెప్పి బ్రతుకుతున్నాను. కనుక ఈ చదువును నిందించే హక్కు నాకు తక్కువ. ఉన్న కాస్త హక్కునూ వాడుకుంటాను.

గొలుసు అన్నారు గదా. ఆ గొలుసును ఏ కొస నుంచి చూస్తున్నాం అన్నదే నా తగాదా. నాకు తెలిసి ఈ పాఠాలన్నీ కొనేవాడి కుర్చీలో కూర్చుని చెప్పేవే. సరుకు సేకరణ, నాణ్యతా నియంత్రణ, సరఫరా నిర్వహణ... ఎవరు సేకరిస్తారు? ఎవరిని నియంత్రిస్తారు? రెండేళ్ళలో నేను చదివిన కేసులు అరవైకి తక్కువ ఉండవు. వాటిలో ఒక్కదానిలో కూడా నిర్ణయం తీసుకోవలసిన మనిషి రైతు కాదు. "మీరు ఒక కంపెనీ ప్రాంతీయ మేనేజరు, ఏం చేస్తారు?" అని అడిగేవారు. "మీరు పది బస్తాల మిరపకాయలతో రాత్రి పదింటికి యార్డు గేటు ముందు నిలబడ్డారు, ఏం చేస్తారు?" అని ఎవ్వరూ అడగలేదు.

ఆ రెండో కేసు నాకు బాగా తెలుసు. పదేళ్ళ వయసులో మా నాన్న వెంట ఖమ్మం మిర్చి యార్డులో బస్తాల మీదే నిద్రపోయినవాణ్ణి. ఖమ్మం చుట్టుపక్కల ఎక్కువగా పండేది తేజ రకం. సన్నని కాయ, ఘాటు విపరీతం. దానిని చైనావాళ్ళూ, బంగ్లాదేశ్‌వాళ్ళూ, ఆగ్నేయాసియా దేశాలవాళ్ళూ కొంటారు. ఘాటునూ రంగునూ సారంగా పిండి అమ్మే కర్మాగారాలకు తేజ అంటే ప్రాణం. ఈ మాటలేవీ అప్పుడు మాకు తెలియవు. మాకు తెలిసింది జెండా పాట ఒక్కటే.

తెలియనివారికోసం చెబుతాను. పొద్దున్న మార్కెట్ కమిటీ అధికారులు, ఖరీదుదారులు, కమీషన్‌దారులు అందరూ గుమిగూడి ఒక మేలైన లాట్ దగ్గర నిలబడి పాట పెడతారు. అక్కడ పలికిన ధరే జెండా పాట. మరునాడు పత్రికలో పెద్దక్షరాలతో వచ్చేది అదే. ఆ తరువాత ఖరీదుదారులు వరసల వెంట నడుస్తూ బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, విరిచి, గింజ చూసి, తొడిమ చూసి, గలగలమనే చప్పుడు విని ధర చెబుతారు. జెండా పాటకూ ఆ ధరకూ మధ్య వెయ్యి ఉండవచ్చు, మూడు వేలు ఉండవచ్చు. తేమ అంటారు, రంగు తగ్గిందంటారు, తాలు కలిసిందంటారు. కొన్నిసార్లు నిజమే అంటారు. ఆపైన దడవాయి తూకం, హమాలీ, కమీషను, ఇంటి అప్పుకు కోత. చివరకు చేతిలో పడేది తక్‌పట్టీ అనే చిన్న కాగితం. పత్రికలో ధర చూసిన ఊళ్ళోవాళ్ళు "ఈసారి మీకు పంటపండిందే" అంటుంటే మా నాన్న ఏమీ అనకుండా బీడీ వెలిగించేవాడు.

జెండా పాట మోసమని నేననను. ఆ ఒక్క లాట్‌కు ఆ ధర నిజంగానే ఇస్తారు. అది ధర కాదు, ఒక కొండగుర్తు. అయితే మిగిలిన తొంభైతొమ్మిది లాట్లకు ఏ ధర ఎందుకు పలికిందో చెప్పే లెక్క ఎక్కడా వ్రాసి ఉండదు. అమ్మేవాడికి కావలసిన చదువంతా ఆ లెక్కలో ఉంది.

ఇప్పుడు నా సొంత కథ. చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు. చదువయ్యాక ఎండుమిరపా కారమూ ఎగుమతిచేసే ఒక కంపెనీలో సరుకు సేకరణ అధికారిగా చేరాను. అది ఎగుమతిదారులు భయం భయంగా బ్రతుకుతున్న కాలం. 2003లో ఫ్రాన్సులో మన దేశపు కారంలో సూడాన్ అనే రంగు బయటపడటంతో, పరీక్ష పత్రం లేనిదే మిరప సరుకును రానివ్వకూడదని యూరపు దేశాలన్నీ ఆంక్ష పెట్టాయి. దానికితోడు అఫ్లటాక్సిన్. బూజు నుంచి పుట్టే విషం అది. కాయలు సరిగా ఎండకముందే కుప్పపోసినా, కల్లంలో ఉండగా వాన తడిపినా బూజు చేరుతుంది. యూరపు నిబంధన ప్రకారం సుగంధద్రవ్యాలలో అది కిలోకు పది మైక్రోగ్రాములు మించరాదు. మించితే కంటైనరు వెనక్కి వస్తుంది, లేదా అక్కడే తగలబెడతారు. కనుక పదకొండు శాతం తేమ దాటిన లాట్‌ను కొనవద్దని మాకు ఆజ్ఞ. జేబులో పట్టే తేమమీటరు నా ఆయుధం. దాని ముల్లు చూపించి ఎంతమందిని వెనక్కి పంపానో నాకే లెక్కలేదు.

ఒక మార్చి నెలలో, వడగళ్ళవాన పడిన వారానికి, యార్డులో వరస వెంట నడుస్తూ ఒక లాట్ ముందు ఆగాను. ముప్పై ఎనిమిది బస్తాలు. మూతి నీలిదారంతో కుట్టి ఉంది. మా బావ తన బస్తాలు నీలిదారంతో కుట్టిస్తాడు. తలెత్తేసరికి బావ ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వలేదు, పలకరించలేదు. నా పక్కన మా మేనేజరు ఉన్నాడు గనుక నాకు ఇబ్బంది కలిగించకూడదని కాబోలు. మీటరు పదమూడు దాటి చూపించింది. వద్దని కాగితం మీద గీత కొట్టి ముందుకు నడిచాను. నేను చేసింది తప్పని ఈనాటికీ అనలేను. విషమున్న సరుకు ఎవరి పిల్లలో తింటారు. కానీ అది అక్కడితో ముగియలేదు. ఆ సాయంత్రమే బావ ఆ సరుకును ఇంకొక ఖరీదుదారుకు జెండా పాటలో సగం ధరకు వదిలిపెట్టాడు. పది రోజుల తరువాత మా గోదాములో దిగిన ఒక వ్యాపారి లాట్‌లో నీలిదారం బస్తాలు కనిపించాయి. రెండెండలు పోసి, పొడి సరుకులో కలిపి పంపించాడు. మీటరు పది చూపించింది. కంపెనీ పూర్తి ధర ఇచ్చింది. తేమను తూచడానికి మీటరు ఉంది గానీ, ఒకసారి పుట్టిన బూజు విషం ఎండబెట్టినంత మాత్రాన పోదు. ఆ సంగతి నేను చదువుకున్నాను. మా కాగితాల్లో మాత్రం పెట్టెకు కావలసిన గడులన్నీ నిండాయి.

రెండు ఎండలు. అంతే తేడా. ఆ రెండు ఎండల ఖరీదు ముప్పై ఎనిమిది బస్తాల మీద సగం ధర. బావకు కల్లంలో సిమెంటు గచ్చు ఉండి ఉంటే, కప్పడానికి నాలుగు మంచి టార్పాలిన్లు ఉండి ఉంటే, అప్పులవాడు ఆ వారమే కూర్చుని ఉండకపోతే ఆ డబ్బు మా అక్క ఇంటికి చేరేది. రైతులకు టార్పాలిన్లు ఇచ్చి, ఎండబెట్టే గచ్చులు వేయిద్దామని, అందువల్ల తిరుగుటపా కంటైనర్లు తగ్గుతాయని లెక్కలతో సహా ఒక నివేదిక వ్రాసి పైకి పంపాను. "ఇది మన పరిధిలోనిది కాదు" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. గొలుసంతా ఒక్కటే అని డేవిస్, గోల్డ్‌బర్గ్‌లు చెప్పిన పుస్తకం మా మేనేజరు బల్లమీదే ఉండేది. ఆ ఉద్యోగంలో ఆరేళ్ళు చేసి 2011లో మానేశాను. బావ ఆ సంగతి ఇంతవరకూ ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

మరైతే గొలుసులో రైతు ఎప్పుడూ లెక్క తెలియనివాడేనా? కాదనడానికి మా మేనల్లుడు చదివిన అశ్వారావుపేటే సాక్ష్యం. అక్కడంతా పామాయిల్ తోటలు. గెలల ధర వేలంలో తేలదు. గెల నుంచి ఎంత శాతం నూనె దిగుతుందో కొలిచి, ముడినూనె ధరతో హెచ్చవేసి, ప్రభుత్వం సూత్రం ప్రకారం ధర ప్రకటిస్తుంది. ఆ శాతాన్ని ఓఈఆర్ అంటారు. బడి ముఖం చూడని రైతు నోట కూడా ఆ మూడక్షరాలు విన్నాను. అశ్వారావుపేట ఫ్యాక్టరీలో దిగుబడి శాతం ఎక్కువగా కడుతున్నారని, తమకూ అదే లెక్క కట్టాలని గోదావరి జిల్లాల తోటల రైతులు ఏళ్ళతరబడి కొట్లాడారు. ఒక శాతంలో పదోవంతు కోసం ధర్నాలు జరిగాయి. చూడండి, సూత్రం బయట ఉన్నచోట రైతు దానిని నేర్చుకున్నాడు, దానితోనే పోట్లాడాడు. సూత్రం కొనేవాడి జేబులో ఉన్నచోట రైతుకు మిగిలింది బీడీ వెలిగించుకోవడమే.

లేదా తగలబెట్టడం. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో జరిగింది అదే. ముందటి ఏడు పన్నెండు వేల దాకా పలికిన క్వింటాలు మిరప ఆ ఏడు నాలుగైదు వేలకూ, ఇంకా దిగువకూ పడిపోయింది. ముందటి ఏటి ధర చూసి అందరూ మిరపే వేశారు. యార్డు నిండిపోయి, కొనుగోళ్ళు మందగించి, రోజుల తరబడి బస్తాల మీద కూర్చున్నవాళ్ళు ఆ రోజు మార్కెట్ కార్యాలయం మీద పడ్డారు. తరువాత పది మంది రైతులను చేతులకు సంకెళ్ళు వేసి కోర్టుకు తీసుకువచ్చారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. మే నెలలో కేంద్రం క్వింటాలుకు 5000 చొప్పున కొంటామని ప్రకటించేనాటికి చాలామంది సరుకు అప్పటికే చేతులు మారింది. నేను ఆ మరునాడు తరగతిలో, ముందటి ఏటి ధర చూసి పంట వేస్తే ధరలు ఎలా ఊగిసలాడతాయో చెప్పే సిద్ధాంతం బోధించవలసి ఉంది. బల్లమీద గీసే ఆ సాలెగూడు బొమ్మ చాలా అందంగా ఉంటుంది. ఆ రోజు గీయలేకపోయాను.

ఇంత చెప్పాను గనుక చదువు వద్దంటానేమో అని మేనల్లుడు భయపడ్డాడు. అననుగాక అనను. పరదేశపు చదువు మీద నాకు ద్వేషం లేదు. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా 1920లలో ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి వచ్చాడు. వచ్చినవాడు 1930లలో తన ఊళ్ళోనే రైతులకు రాజకీయమూ అర్థశాస్త్రమూ నేర్పే విద్యాలయం పెట్టాడు. ఆయన రాజకీయాలతో ఎవరికెన్ని పేచీలైనా ఉండవచ్చు, నాకూ ఉన్నాయి. కానీ కొనేవాడి కొస నుంచి నేర్చుకున్నదాన్ని అమ్మేవాడి కొసకు మోసుకురావచ్చునన్న సంగతికి ఆయన ఒక ఉదాహరణ. ఇంకొక ఉదాహరణకు సముద్రం దాటనక్కరలేదు. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి ములుకనూరులో సహకార బ్యాంకు పెట్టారు. అప్పు ఇవ్వడంతో మొదలై, ఎరువూ, విత్తనమూ, రైతు పండించిన ధాన్యం కొని మరపట్టి అమ్మడం దాకా ఆ సంఘం ఎదిగింది. తరువాత ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళే సొంతంగా పాలడెయిరీ నడుపుకున్నారు. హార్వర్డ్‌వాళ్ళ గొలుసు కథ పుస్తకంగా రావడానికి ఏడాది ముందే మనవాళ్ళు ఆ పేరు తెలియకుండానే పని మొదలుపెట్టారన్నమాట. నా తరగతికి వచ్చే పిల్లల్లో ములుకనూరు పేరు విన్నవాడు ఏడాదికొకడు కూడా తగలడు. ఆనంద్ పాల సంఘం గురించి మాత్రం అందరికీ తెలుసు. దానిమీద సినిమాలూ ప్రకటనలూ వచ్చాయి మరి.

మా ఊళ్ళు అడవి అంచున ఉన్నాయి గనుక ఇంకొకటి కూడా చెప్పాలి. అదే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. భద్రాచలం అడవుల్లో తపసి చెట్టు జిగురు తీసేవాళ్ళున్నారు. పరదేశాలకు ఎగుమతయ్యే సరుకది. ఇష్టమొచ్చినట్టు గాటు పెడితే చెట్టు చస్తుంది, జిగురులో బెరడూ మట్టీ కలిస్తే ధర పడిపోతుంది. చెట్టు చావకుండా చిన్న గాటు పెట్టడం, ముద్దలను ఏరి రకాలుగా వేరుచేయడం ఆ సంస్థవాళ్ళు గిరిజనులకు నేర్పించారు. ఆ సంస్థలో లోపాలు లేవని కాదు, ఉన్నవి తక్కువా కావు. అయినా నాణ్యత అనే పాఠాన్ని గేటు దగ్గర మీటరుతో కాక చెట్టు దగ్గర చెప్పవచ్చునని ఎవరో ఒకరికి తట్టింది గదా. నా నివేదికకు వచ్చిన ఆ ఒక్క వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈ జిగురు సంగతి గుర్తొస్తుంది.

మేనల్లుడితో రెండు రాత్రులు వాదించాను. వాడు నాకంటె తెలివైనవాడు. "మావయ్యా, నువ్వు చెప్పేవన్నీ నాకు తెలియనివా? నల్ల తామరపురుగు వచ్చిన ఏడు మా నాన్న నాలుగెకరాల తోట పీకి పడేశాడు. అప్పుడు నేను ఫస్టియర్. ఏ మందు కొట్టాలో మా ప్రొఫెసర్లకే తెలియలేదు. ఇక్కడ ఉండి నేనేం నేర్చుకోవాలి?" అన్నాడు. 2021-22లో ఆ పురుగు ఖమ్మం, గుంటూరు జిల్లాల మిరపతోటలను ఊడ్చిపెట్టిన మాట నిజం. ఆ మరుసటి ఏడు పంట తగ్గినందున ధర ఇరవై వేలు దాటింది. అంటే, పంట చేతికొచ్చినవాడికి దాటింది. ఆ తరువాత మళ్ళీ పడింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలుకు 11,781 చొప్పున కేంద్రం మళ్ళీ ఆదుకోవలసి వచ్చింది. వాడి ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. "అక్కడేం నేర్పుతారో తెలుసా నీకు?" అన్నాను. "కొనేవాడు ఎలా ఆలోచిస్తాడో నేర్పుతారు. మనకు తెలియనిది అదే గదా" అన్నాడు. నేను ఇరవై ఏళ్ళకు చేరిన చోటికి వాడు ఇరవై రెండేళ్ళకే చేరాడు. కాకపోతే నేను చేరింది దిగులుతో, వాడు చేరింది ఆశతో.

నా అభిప్రాయం వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. చదువు మంచిదే. పొలం అమ్మి చదవడం తప్పు. ఎందుకంటే పొలం పోయినవాడు ఆ చదువుతో కొనేవాడి కుర్చీలో తప్ప ఇంకెక్కడా కూర్చోలేడు. ముప్పై లక్షలు తిరిగి రావాలంటే ఏ కంపెనీ ఎక్కువ జీతమిస్తే అక్కడికే పోవాలి, ఆ కంపెనీ ఇచ్చిన మీటరే పట్టుకోవాలి. వాడిలో ఎంత మంచితనమున్నా సరే. నేను చెడ్డవాణ్ణి కాను, అయినా గీత కొట్టాను. అదే రాజేంద్రనగర్‌లోనో ఇంకొకచోటో పరీక్ష వ్రాసి చదివితే ఖర్చు అందులో కొద్దిపాటి. అదీ బ్యాంకు అప్పుతో అయిపోతుంది, ఎకరంన్నర మిగులుతుంది. ఇంగ్లండే వెళ్ళాలంటే ఉపకారవేతనం తెచ్చుకుని వెళ్ళు, ఒక ఏడు ఆలస్యమైతే కొంప మునగదు అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఒక ఏడు ఆలస్యమైతే నిబంధనలు మారతాయని వాడి భయం. ఆ భయమూ ఉత్తది కాదు. పీజీ చదివే పరదేశీ విద్యార్థులు భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీలును 2024 జనవరిలో దాదాపుగా తీసేశారు. వీడికి ఇంకా పెళ్ళి కాలేదు గనుక అది బాధ కాదుగానీ, తలుపు సన్నబడుతూ ఉందన్నది నిజమే.

మా బావ ఈ రెండు రాత్రులూ మంచం మీద పడుకుని వింటూనే ఉన్నాడు. మూడోనాడు పొద్దున్న నేను బయలుదేరబోతుంటే లోపలికి వెళ్ళి ఒక రేకుపెట్టె తెచ్చి మేనల్లుడి ముందు పెట్టాడు. తెరిస్తే అన్నీ తక్‌పట్టీలు. పద్నాలుగేళ్ళవి. కొన్నిటికి చెదలు పట్టింది, కొన్నిటి మీద అక్షరాలు మాసిపోయాయి. కాగితం వెనక పెన్సిలుతో ఆ రోజు జెండా పాట ఎంతో బావ వ్రాసి పెట్టుకున్నాడు. ఎందుకు వ్రాశావు బావా అని అడిగితే, "ఏమో, ఎవడన్నా లెక్క చూస్తడేమోనని" అన్నాడు.

నా బండి తప్పిపోయింది. మేనల్లుడూ నేనూ ఆ పూటంతా అరుగు మీద కూర్చుని తారీఖు, బస్తాలు, తూకం, జెండా ధర, వచ్చిన ధర, తేడా, కోతలు అని గళ్ళు గీసి ఎక్కించాం. ఏటేటా తేడా పెద్దదవుతున్నదా చిన్నదవుతున్నదా, వాన పడిన వారాల్లో ఎంత, కోల్డు స్టోరేజీలో దాచి అమ్మిన ఏసీ సరుకుకు ఎంత... వాడు ఫోనులో కూడుతూ, "మావయ్యా, ఇది అక్కడ ప్రాజెక్టుకు పనికొస్తుంది" అన్నాడు. ఇక్కడ కూడా పనికొస్తుందిరా అనబోయి ఊరుకున్నాను. నీలిదారం ఏటి చీటీ దొరికింది. దాని వెనక జెండా పాట వ్రాసి లేదు. ఆ ఒక్కదాని వెనకే లేదు.

శుక్రవారం నాడు కాలువ కింది ఎకరంన్నరకు బయానా ఇవ్వడానికి జగ్గయ్యపేట నుంచి ఎవరో వస్తారట. నన్నూ ఉండమని అక్క అడిగింది. గురువారం రాత్రి బండికి టిక్కెట్టు తీసుకున్నాను. పెట్టెలో ఇంకా నాలుగేళ్ళ చీటీలు ఎక్కించవలసినవి మిగిలాయి.